జిల్లా దాటి బడి మార్పించాలంటే ఎవరి అనుమతి కావాలి?

ప్రశ్న: మాది జనగామ జిల్లా చిల్పూరు మండలంలోని ఒక చిన్న ఊరు. నేను హనుమకొండలో బట్టల దుకాణంలో పని చేస్తాను. మా ఆయన వరికోత మిషన్ డ్రైవర్, సీజన్ వస్తే నెలల తరబడి ఇంటి పట్టున ఉండరు. మా పాప ఊళ్లోని ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి, బాబు రెండో తరగతి పూర్తి చేశారు. ఊళ్లో బడి ఐదు వరకే. హైస్కూలు నాలుగు కిలోమీటర్లు, బడి వేళకు బస్సు లేదు. మా అమ్మ కాజీపేట మండలంలో ఉంటుంది. ఇద్దరినీ ఆమె దగ్గర ఉంచి అక్కడి ప్రభుత్వ బడుల్లో వేద్దామని వెళ్తే, హైస్కూలు పెద్దసారు "మీది వేరే జిల్లా, మా జోన్ కాదు, పై నుంచి పర్మిషన్ తెచ్చుకోండి" అన్నారు. మా ఊరి సారేమో బాబు రికార్డు షీటు ఇవ్వడానికి వెనకాడుతున్నారు. జోన్ మారితే పిల్లలకు రేపు ఉద్యోగాలు రావని మా మరిది భయపెడుతున్నాడు. దరఖాస్తు ఎవరికి రాయాలి, ఎట్లా రాయాలి?
– ఒక తల్లి, జనగామ జిల్లా

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో "జోన్" అన్న మాట రెండు చోట్ల వచ్చింది. పెద్దసారు ఒక అర్థంలో అన్నారు, మీ మరిది మరో అర్థంలో అన్నాడు. ఆ రెండింటినీ విడదీస్తే మీ చిక్కు సగం విడిపోతుంది కనుక ముందు ఆ పని చేద్దాం.

పెద్దసారు చెప్పిన జోన్ మన ప్రభుత్వ బడులకు లేదు. ఇంటి చిరునామాను బట్టి ఫలానా పిల్లవాడు ఫలానా బడిలోనే చదవాలని కేటాయించి, అది దాటితే పైఅధికారి అనుమతి తెచ్చుకోవాలనే పద్ధతి కొన్ని దేశాల్లో ఉన్నది గానీ, మండల పరిషత్, జిల్లా పరిషత్ పాఠశాలలకు అటువంటి గీత ఎవరూ గీయలేదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ఈ విషయాన్ని సూటిగానే చెప్పింది. చదువుతున్న బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివే ఏర్పాటు లేకపోతే పిల్లలకు వేరే బడికి మారే హక్కు ఉంటుంది. మీ పాపది అచ్చంగా ఇదే పరిస్థితి. ఇక ఏ కారణం చేతనైనా సరే, రాష్ట్రం లోపల గానీ బయట గానీ ఒక బడి నుంచి మరో బడికి మారవలసి వచ్చిన పిల్లలకు కూడా అదే హక్కు ఉంటుందని ఆ సెక్షన్ రెండో భాగం అంటుంది. మీ బాబు దీని కిందికి వస్తాడు. నవోదయ, కేంద్రీయ విద్యాలయం వంటి ప్రత్యేక కోవ బడులకూ, ప్రభుత్వ సాయం అందని ప్రైవేటు బడులకూ ఈ బదిలీ హక్కు వర్తించదు. మీరు అడుగుతున్నది మామూలు ప్రభుత్వ బడులే కనుక ఆ మినహాయింపుతో మీకు పని లేదు.

అయితే పెద్దసారు ఎందుకట్లా అన్నారు? ముప్పై ఏళ్ల పైచిలుకు బడుల్లోనే పని చేసి, అందులో కొంత కాలం ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి కనుక ఒక మాట చెప్పగలను. పట్నం అంచున ఉన్న హైస్కూళ్లలో ఆరో తరగతికి జూన్‌లో ఒత్తిడి ఎక్కువగా ఉంటుంది. గదులు, బెంచీలు, టీచర్లు ఉన్నన్నే ఉంటాయి, చుట్టుపక్కల ప్రాథమిక పాఠశాలల నుంచి రావలసిన పిల్లల జాబితా ముందే చేతిలో ఉంటుంది. దానికి తోడు వేరే జిల్లా పిల్లలను ఆన్‌లైన్‌లో తమ బడి కిందికి తెచ్చుకోవడం కొంచెం తలనొప్పి వ్యవహారం. కుదరదని ముఖం మీద చెప్పలేని మనిషి పర్మిషన్ తెమ్మంటాడు. ఆ మాట చట్టంలో లేదని ఆయనతో వాదానికి దిగకండి. "ఆ పర్మిషన్ ఏ అధికారి ఇస్తారో ఈ దరఖాస్తు మీదనే రాసివ్వండి సార్" అని మర్యాదగా అడగండి. చాలా సందర్భాల్లో సంగతి అక్కడితోనే తేలిపోతుంది.

మీ మరిది చెప్పిన జోన్ మాత్రం నిజంగా ఉన్నది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం తెలంగాణ ప్రభుత్వోద్యోగాల్లో జిల్లా, జోన్, మల్టీజోన్ అనే మూడు అంచెలకూ 95 శాతం పోస్టులు స్థానికులకే కేటాయించారు. ఎవరు ఎక్కడ స్థానికులన్నది తేల్చేది ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి వరకు చదివిన బడులు. ఆ ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివితే అక్కడ స్థానికులవుతారు. ఇల్లు ఎక్కడ ఉన్నది, రేషన్ కార్డు ఎక్కడ ఉన్నది అని చూడరు, బడి ఏ జిల్లాలో ఉన్నదో చూస్తారు. మన పెద్దవాళ్లలో చాలామంది ఇంకా నాలుగు నుంచి పది వరకు అని చెబుతుంటారు. అది 1975 నాటి పాత ఉత్తర్వుల లెక్క, అప్పుడు పదో తరగతితో ముగిసే సంవత్సరాలను చూసేవారు. ఇప్పుడు ఆ లెక్క పట్టుకుని బడి మార్పు నిర్ణయాలు చేస్తే తప్పిపోతారు.

మీ విషయంలో ఇది ఎందుకు పట్టించుకోవలసిన సంగతి అంటే, 2016 అక్టోబరుకు ముందు చిల్పూరు వైపు ఊళ్లూ కాజీపేటా అన్నీ ఒకే వరంగల్ జిల్లా. ఇప్పుడు మీ ఊరు జనగామ జిల్లాలో, మీ అమ్మగారి ఊరు హనుమకొండ జిల్లాలో ఉన్నాయి. ఆ సంగతి అక్కడితో ఆగలేదు. జనగామ జిల్లాను సూర్యాపేట, నల్లగొండ, యాదాద్రి భువనగిరి జిల్లాలతో కలిపి యాదాద్రి జోన్‌లో పెట్టారు, అది రెండో మల్టీజోన్‌లోకి వస్తుంది. హనుమకొండ, వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలు భద్రాద్రి జోన్, అది మొదటి మల్టీజోన్. అంటే మీ ఊరికీ మీ పుట్టింటికీ నడుమ బస్సు ప్రయాణం గంట కూడా ఉండకపోయినా, ఉద్యోగాల లెక్కలో జిల్లా, జోన్, మల్టీజోన్ మూడూ వేరవుతాయి. రాష్ట్రంలో ఇటువంటి అంచు ఊళ్లు చాలా ఉన్నా, పిల్లల బడి మార్చేటప్పుడు ఈ లెక్క వేసుకునే తల్లిదండ్రులను నేను చాలా అరుదుగా చూశాను. మీ మరిది సగమే చెప్పినా, చెప్పినందుకు ఆయనను మెచ్చుకోవాలి.

ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టండి. పాప ఒకటి నుంచి ఐదు వరకు ఐదేళ్లు జనగామ జిల్లాలో చదివింది. ఆరు, ఏడు హనుమకొండ జిల్లాలో చదివినా ఏడింటిలో ఐదు జనగామవే. ఎనిమిది, తొమ్మిది, పది ఎక్కడ చదివినా ఈ లెక్కలోకి రావు. కనుక పాప జనగామ జిల్లా స్థానికురాలుగానే ఉంటుంది, బడి మార్పుతో ఆమెకు మారేది ఏమీ లేదు. బాబు సంగతి వేరు. వాడు రెండేళ్లు జనగామ జిల్లాలో చదివాడు. ఇప్పుడే మారితే మూడు నుంచి ఏడు వరకు ఐదేళ్లు హనుమకొండ జిల్లా అవుతుంది, వాడు హనుమకొండ స్థానికుడవుతాడు. నాలుగో తరగతి వరకు ఊళ్లోనే ఉండి ఆ తరువాత మారితే నాలుగేళ్లు జనగామకు, మూడేళ్లు హనుమకొండకు పడి జనగామ స్థానికుడుగానే మిగులుతాడు. అక్కాతమ్ముళ్లు వేర్వేరు జిల్లాల స్థానికులు కావడంలో చట్టరీత్యా తప్పేమీ లేదు, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. రేపు పాప డీఎస్సీ రాసినా, జూనియర్ అసిస్టెంట్ వంటి జిల్లా కేడరు పోస్టుకు పెట్టుకున్నా జనగామ జిల్లా పోస్టులకు స్థానికురాలు. బాబు అదే పరీక్షలో హనుమకొండ జిల్లా పోస్టులకు స్థానికుడు. ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్ల స్థానికత వేరే లెక్క మీద నడుస్తుంది, రాష్ట్రం లోపలే జిల్లా మారినందువల్ల దానికి ఇబ్బంది రాదు.

"జోన్ మారితే ఉద్యోగాలు రావు" అన్న మాట మాత్రం పొరపాటు. స్థానికత పోదు, మారుతుంది. ఏ జిల్లాలో ఎన్ని పోస్టులు పడతాయో పదిహేనేళ్ల ముందు ఎవరూ చెప్పలేరు కనుక ఆ ఊహతో ఎనిమిదేళ్ల పిల్లవాడి బడిని నిర్ణయించడం నాకు సబబుగా తోచదు. తండ్రి సీజనంతా ఇంట్లో ఉండక, తల్లి పొద్దున పోయి రాత్రికి వస్తూ, అక్క కూడా ఊళ్లో లేకపోతే వాడు సాయంత్రాలు ఎవరింట్లో గడపాలి? నన్నడిగితే ఇద్దరినీ కలిపే పంపండి, బాబు హనుమకొండ స్థానికుడవుతాడని తెలిసే పంపండి. ఒక్క జాగ్రత్త చెబుతాను. ముందుముందు వాణ్ణి నవోదయ పరీక్ష రాయించే ఆలోచన ఉంటే, దానికి ఐదో తరగతి చదువుతున్న జిల్లానూ నివాసాన్నీ రెండింటినీ చూస్తారు కనుక, ఆ ఏడాది నోటిఫికేషన్‌లో మామునూరు నవోదయకు ఏయే జిల్లాలను చేర్చారో చదివి గానీ దరఖాస్తు పెట్టకండి.

ఊరి సారు రికార్డు షీటు ఇవ్వకపోవడం గురించి. ఐదో తరగతి వరకు ఇచ్చేది రికార్డు షీటు, ఆ పైన టి.సి. పేరు ఏదైనా, అడిగిన వెంటనే ఇవ్వాలని 5వ సెక్షనే చెబుతున్నది, ఆలస్యం చేసిన ప్రధానోపాధ్యాయుల మీద క్రమశిక్షణ చర్య ఉంటుందని కూడా చెబుతున్నది. అంతకన్నా మీకు పనికొచ్చే మాట, ఆ కాగితం ఆలస్యమైందన్న సాకుతో కొత్త బడి చేరికను ఆపడానికి గానీ నిరాకరించడానికి గానీ వీల్లేదన్నది. అయినా మీ ఊరి సారు మీద కోపం తెచ్చుకోకండి. చిన్న ఊరి బడిలో ఒక్కొక్క పేరూ లెక్కే. సంఖ్య పడిపోతే టీచరు పోస్టు వేరే బడికి తరలిపోతుంది, మిగిలిన పిల్లలకు ఉన్న ఒక్క సారూ మండలమంతా సర్దుబాట్ల మీద తిరుగుతాడు. బడిబాటలో గడప గడపా తిరిగి పిల్లలను చేర్పించుకున్న మనిషికి ఒకే ఇంటి నుంచి రెండు పేర్లు కొట్టేయడం కష్టంగానే ఉంటుంది. మీ ఇంటి పరిస్థితిని కూర్చుని వివరించండి, అప్పటికీ ఇవ్వకపోతే రాతపూర్వకంగా అడగండి.

దరఖాస్తులు మూడు రాయాలి. మొదటిది ఊరి బడి ప్రధానోపాధ్యాయులకు, ఇద్దరి రికార్డు షీట్ల కోసం. రెండోది హైస్కూలు ప్రధానోపాధ్యాయులకు, పాప కోసం. మూడోది కాజీపేట మండలంలోని ప్రాథమిక పాఠశాల ప్రధానోపాధ్యాయులకు, బాబు కోసం. ప్రాథమిక పాఠశాలలు మండల విద్యాధికారి కింద, హైస్కూళ్లు జిల్లా విద్యాధికారి కింద ఉంటాయి. కనుక బాబు దరఖాస్తు నకలు కాజీపేట మండల విద్యాధికారికి, పాప దరఖాస్తు నకలు హనుమకొండ జిల్లా విద్యాధికారికి పంపండి. జనగామ అధికారుల అనుమతి దేనికీ అక్కరలేదు. పాప దరఖాస్తును ఇట్లా రాయవచ్చు:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి నమస్కరించి వ్రాయునది. విషయం: మా కుమార్తెను ఆరవ తరగతిలో చేర్చుకొనవలసిందిగా విన్నపం. అయ్యా, మా కుమార్తె (పేరు) జనగామ జిల్లా, చిల్పూరు మండలం, (ఊరి పేరు) ప్రాథమిక పాఠశాలలో ఐదవ తరగతి పూర్తి చేసినది. ఆ పాఠశాలలో ఆరవ తరగతి లేదు. మా ఉద్యోగరీత్యా పాపను ఈ విద్యాసంవత్సరం నుండి మీ పాఠశాల సమీపంలో, (ఇంటి నంబరు, వీధి) లో నివసించు అమ్మమ్మ గారి వద్ద ఉంచుతున్నాము. కావున బాలల ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం, 2009, సెక్షన్ 5 ననుసరించి మా కుమార్తెను మీ పాఠశాలలో చేర్చుకొనవలసిందిగా ప్రార్థిస్తున్నాను. పాఠశాలలో ఖాళీ లేనిచో ఆ విషయమును ఈ దరఖాస్తుపైననే వ్రాసి, సమీపంలోని మరొక ప్రభుత్వ పాఠశాలను సూచించవలసిందిగా కోరుచున్నాను."

కింద మీ సంతకం, ఫోన్ నంబరు, అమ్మమ్మ గారి పేరు, ఆమె ఫోన్ నంబరు రాయండి. దీనికి మించి ఏమీ చేర్చకండి. ఊరి బడి బాగా లేదనీ, అక్కడ చదువు సాగదనీ రాయాలని కొందరు సలహా ఇస్తారు. దానివల్ల మీ దరఖాస్తుకు బలం రాదు సరికదా, ఆ కాగితం నకలు ఊరి సారు చేతికి చేరే అవకాశం ఉంది. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగా లేదని లేని కారణం రాయడం అంతకన్నా అనవసరం, ఏ కారణమైనా చాలునని చట్టమే అన్నప్పుడు ఉన్న కారణమే రాయండి. రెండు ప్రతులు తీసుకువెళ్లి ఒకదాని మీద తేదీ, సంతకం, బడి ముద్ర వేయించుకుని దాచుకోండి. వారం దాటినా కదలిక లేకపోతే ఆ ప్రతిని జతచేసి మండల విద్యాధికారినో జిల్లా విద్యాధికారినో కలవండి. అక్కడా కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి ఉండనే ఉన్నది. ఇంత చిన్న పనికి అక్కడి దాకా పోవలసి రాదనే నా నమ్మకం.

ఈ పని కోసం పిల్లల ఆధార్‌లో చిరునామా మార్చమని ఎవరైనా చెబితే వినకండి. కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీ ఊరి చిరునామా మీద, మీ మండలం నుంచి వస్తున్నవి. వాటిని కదిపితే లేని చిక్కు తెచ్చుకున్నట్టు అవుతుంది. యూనిఫాం, పాఠ్యపుస్తకాలు, మధ్యాహ్న భోజనం కొత్త బడిలో మామూలుగానే అందుతాయి. ఆలస్యంగా చేరితే పుస్తకాలు నాలుగు రోజులు వెనకాముందు కావచ్చు.

కాగితం చేతికొస్తే పని అయిపోదు. ఇప్పుడు ప్రతి విద్యార్థికీ యూడైస్ ప్లస్‌లో, అంటే బడుల, పిల్లల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ పోర్టల్‌లో, పెన్ అనే శాశ్వత సంఖ్య ఉంటుంది. ఊరి బడి వాళ్లు తమ లాగిన్‌లో నుంచి పిల్లవాణ్ణి వదిలితేనే కొత్త బడి వాళ్లు ఆ సంఖ్యతో తమ జాబితాలోకి తీసుకోగలరు. రికార్డు షీటు ఇచ్చి, ఆన్‌లైన్‌లో వదలడం మరిచిపోయిన బడులు కొల్లలు. అప్పుడు పిల్లవాడు కాజీపేట బడిలో కూర్చుని ఉంటాడు, పేరు మాత్రం చిల్పూరు జాబితాలోనే ఉంటుంది. రికార్డు షీటు తీసుకునే రోజే పెన్ సంఖ్యను దాని మీద రాయించుకుని, ఆన్‌లైన్‌లో కూడా వదిలారా అని అడిగి కదలండి.

ఇంకొకటి, నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనది. రికార్డు షీట్లతో పాటు పాపకు ఒకటి నుంచి ఐదు వరకు, బాబుకు ఒకటి, రెండు తరగతులకు, ఏ తరగతి ఎక్కడ చదివారో రుజువు చేసే బోనఫైడ్ సర్టిఫికెట్లు కూడా ఇప్పుడే తీసుకోండి. తరగతి, విద్యాసంవత్సరం, బడి, ఊరు, మండలం, జిల్లా వరుసగా ఉండాలి. నేను పనిచేసిన ఒక బడికి గ్రూప్స్ సర్టిఫికెట్ల పరిశీలనకు పిలుపు వచ్చిన ఒక అబ్బాయి బోనఫైడ్ కోసం వచ్చాడు. అతను చదివిన ఆవాసం బడి ఎప్పుడో మూతబడి, రిజిస్టర్లు మా బీరువాలోకి చేరాయి. మేమిద్దరం ఒక మధ్యాహ్నమంతా వెతికితే అతని పేరున్న అడ్మిషన్ రిజిస్టరు దొరికింది గానీ అంచులన్నీ చెదలు తినేసి, అతని వరుసలో పుట్టిన తేదీ గడి దగ్గర చిల్లు పడి ఉంది. అదృష్టం కొద్దీ హాజరు పట్టీలు బాగున్నాయి కనుక పని అయింది. పాప ఇరవై ఏళ్ల తరువాత మీ ఊరి బడికి అటువంటి కాగితం కోసం రావలసిన అవసరం లేకుండా ఆ అరపేజీ ఇప్పుడే ట్రంకుపెట్టెలో పడాలి.

రికార్డు షీటు చేతికి ఇచ్చినప్పుడు అక్కడే నిలబడి చదవండి. ఇంటిపేరు ఆధార్‌లో పొడి అక్షరంగా ఉండి రికార్డు షీటులో పూర్తిగా ఉంటే, లేదా ముందుకు బదులు వెనక ఉంటే, అది పదో తరగతి మెమోలో తేలి మిమ్మల్ని ఆఫీసుల చుట్టూ తిప్పుతుంది. పుట్టిన తేదీ అంకెల్లో ఒకటి, అక్షరాల్లో ఒకటి ఉండటం కూడా నేను చూశాను. పుట్టుమచ్చల గడి ఖాళీగా వదిలేస్తారు, రాయించండి. తప్పు కనిపిస్తే అదే రోజు అడ్మిషన్ రిజిస్టరుతో సరిచూడమని అడగండి. బడి మారిన తరువాత ఆ దిద్దుబాటు కోసం చిల్పూరుకూ కాజీపేటకూ నడుమ మీరే తిరగవలసి వస్తుంది. దుకాణంలో సెలవు పెడితే ఆ రోజు కూలి పోతుందని మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, నాకు తెలుసు.